ఒకే సభ్యుడి పార్టీ: నెదర్లాండ్స్‌లో పీవీవీ ఎలా నడుస్తోంది?

పార్టీ అంటే సభ్యత్వాలు, కమిటీలు, మహాసభలు ఉంటాయని అనుకుంటాం. నెదర్లాండ్స్‌లోని ‘ఫ్రీడం పార్టీ’కి ఇవేవీ లేవు. పీవీవీగా పిలిచే ఈ పార్టీలో ఉన్న సభ్యుడు ఒక్కరే. ఆయనే నాయకుడు గీర్ట్ వైల్డర్స్. పార్టీ తరఫున గెలిచిన ఎంపీలకు కూడా సభ్యత్వం ఉండదు.

నిర్మాణం

2006లో పార్టీని సంఘంగా రిజిస్టర్ చేయించినప్పుడు వైల్డర్స్ తాను ఒక సభ్యుడిగా, తన చేతిలోనే ఉన్న ఫౌండేషన్‌ను రెండో సభ్యుడిగా చూపించారు. ఆ తర్వాత ఎవరినీ చేర్చుకోలేదు. అంతకుముందు పిమ్ ఫోర్టౌన్ పెట్టిన పార్టీ, 2002లో ఆయన హత్య తర్వాత లోపలి కొట్లాటలతో కూలిపోయింది. తన పార్టీకి ఆ గతి పట్టకూడదన్నది వైల్డర్స్ వాదన.

టికెట్లు, మేనిఫెస్టో, పొత్తులు అన్నీ ఆయన ఇష్టమే. 2012లో ఎంపీ హీరో బ్రింక్‌మన్ పార్టీలో ప్రజాస్వామ్యం కావాలని అడిగి, చివరికి బయటికి వెళ్లిపోయారు. దీనివల్ల నష్టమూ ఉంది. కనీసం 1,000 మంది సభ్యులుంటేనే అక్కడి సర్కారు పార్టీలకు నిధులిస్తుంది. అందుకే పీవీవీ విరాళాల మీద నడుస్తుంది.

ఓట్లు ఎలా వస్తాయి?

‘పైనున్న పెద్దలు ఒకవైపు, మామూలు జనం మరోవైపు’ అన్నది మొదటి మాట. వలసదారులను, ముస్లింలను ముప్పుగా చూపించడం రెండోది. మసీదులు, ఖురాన్, ఇస్లామిక్ స్కూళ్లపై నిషేధం పెట్టాలని మేనిఫెస్టోలో రాశారు. దాని పక్కనే వైద్య ఖర్చు తగ్గిస్తామనే హామీ ఉంటుంది. ఇంటి ఖర్చుతో సతమతమయ్యే ఓటరుకు ఇది దగ్గరగా తగులుతుంది. ఊరూరా కార్యకర్తలు లేని లోటును సోషల్ మీడియాలో పెట్టే చిన్న చిన్న పోస్టులు తీరుస్తాయి.

ఫలితం

2023 నవంబరులో 150 సీట్లలో 37 గెలిచి పీవీవీ మొదటి స్థానంలో నిలిచింది. కానీ ఒంటరిగా సర్కారు ఏర్పాటు చేయలేని పరిస్థితి. పొత్తు చర్చల మధ్య, 2024 జనవరిలో, మసీదులు, ఖురాన్‌పై నిషేధం కోరే పాత బిల్లును వైల్డర్స్ వెనక్కి తీసుకున్నారు. ప్రధాని పదవీ ఆయనకు దక్కలేదు. 2025 జూన్‌లో శరణార్థుల విధానంపై గొడవపడి సంకీర్ణం నుంచి తప్పుకోవడంతో సర్కారు పడిపోయింది. అక్టోబరు ఎన్నికల్లో పార్టీ 26 సీట్లకు దిగింది.

పార్టీలో వద్దని చెప్పేవాళ్లు లేనప్పుడు నాయకుడు ఏ నిర్ణయమైనా వెంటనే తీసుకోగలడు. పీవీవీ విషయంలో ఆ ‘వద్దు’ బయటి నుంచే వచ్చింది: ఒకసారి పొత్తు పార్టీల నుంచి, మరోసారి ఓటరు నుంచి.