అబ్బా చేతక్, డబ్బా రంగు

ఈద్ దగ్గరపడితే అబ్బా తన చేతక్‌కి ఇంట్లోనే రంగేసేవారు. 1972లో వచ్చిన ఈ బజాజ్ స్కూటరు కోసం లైసెన్స్ రాజ్ జమానాలో ఏళ్ల తరబడి ఇంతెజార్ చేశారు జనం. అలా దొరికిన బండిని తుప్పుకి వదిలేస్తారా? గరుకు కాగితం, రెడ్ ఆక్సైడ్, చిన్న డబ్బా ఎనామెల్, మెత్తటి కుంచె, అంతే ఖర్చు. మిస్త్రీ దగ్గర డ్యూకో కొట్టించే తాఖత్ లేదు.

ఆ డ్యూకో కథ దిల్‌చస్ప్. తొలి కార్లకి గుర్రబ్బగ్గీలకి లాగే వార్నిష్ పూత మీద పూత వేసేవారు. ఆరడానికే వారాలు. ఫోర్డ్ అయితే 1914 నుంచి 1925 దాకా మోడల్ టీని నలుపులోనే అమ్మింది. 1923లో డ్యూపాంట్ వారి డ్యూకో జనరల్ మోటార్స్ ఓక్లాండ్ కార్ల మీదికొచ్చాక ఆరే సమయం గంటల్లోకి దిగింది. కానీ కుంచె గీత సర్దుకునేలోపే అది ఎండిపోతుంది. అందుకే స్ప్రే గన్, కంప్రెసర్ కావాలి. అంటే పైసలున్నవాళ్ల రంగు.

ఎనామెల్ నిదానంగా ఆరుతుంది గనక కుంచె జాడలు వాటంతటవే సర్దుకుంటాయి. కావాల్సింది సబర్, దుమ్ము లేని గది. మా ఇంట్లో అలాంటిది ఒకటే, అమ్మీ పడుకునేది. విప్పిన డోములు అక్కడికి చేరగానే జగడం మొదలు.