నెట్‌వర్క్ పరికరం తన సామర్థ్యాన్ని చెప్పుకొన్న తీరు: 1995–2018

తొలినాటి ఈథర్‌నెట్ కార్డులకు తమ గురించి చెప్పుకోవలసింది పెద్దగా లేదు. సాధారణంగా వేగం ఒక్కటే: సెకనుకు 10 మెగాబిట్లు. 1995లో ఐఇఇఇ 802.3యు ప్రమాణం 100 మెగాబిట్ల ఫాస్ట్ ఈథర్‌నెట్‌ను తెచ్చాక పరిస్థితి మారింది. ఒకే కేబుల్‌కు రెండు కొసలలో వేర్వేరు వేగాల పరికరాలు ఉండవచ్చు. ఏ వేగంతో పనిచేయాలో అవే తేల్చుకొనే పద్ధతిని ఆటో నెగోషియేషన్ అన్నారు.

కేబుల్‌తో నేరుగా వ్యవహరించే చిప్‌ను ఇంజినీర్లు వాడుకలో 'ఫై' అంటారు. అందులో 16 బిట్ల రిజిస్టర్లు ఉంటాయి. 1వ రిజిస్టర్ చిప్‌కు ఏమేమి చేతనవునో చెబుతుంది. 4వది ఎదుటి పరికరానికి ఏమి ప్రకటిస్తున్నదో, 5వది ఎదుటి పరికరం ఏమి ప్రకటించిందో తెలుపుతాయి. చేతనైనది వేరు, ప్రకటించేది వేరు. విద్యార్థులు తరచు కలగాపులగం చేసేది ఇక్కడే కాబట్టి ఒక ఉదాహరణ చూడండి. ఒక వైపు ఆటో నెగోషియేషన్‌ను ఆపివేసి, 100 మెగాబిట్లు, ఫుల్ డ్యూప్లెక్స్ అని స్థిరపరిచారనుకోండి. రెండో వైపు సంకేతాన్ని బట్టి వేగాన్ని పసిగట్టగలదు, డ్యూప్లెక్స్‌ను పసిగట్టలేదు. కనుక ప్రమాణం ప్రకారం హాఫ్ డ్యూప్లెక్స్ ఎంచుకుంటుంది. లింక్ దీపం వెలుగుతుంది, పింగ్ కూడా పనిచేస్తుంది. పెద్ద ఫైలు పంపితే మాత్రం వేగం పడిపోతుంది. పాపం, నిర్వాహకుడు కేబుళ్లు మార్చుకుంటూ కూర్చుంటాడు.

ఎంబెడెడ్ బోర్డుల్లో చిక్కు మరింత పెరిగింది. అక్కడ ప్రాసెసర్‌లోని ఈథర్‌నెట్ భాగాన్ని ఒక సంస్థ, ఫై చిప్‌ను ఇంకొక సంస్థ, బోర్డును మూడో సంస్థ తయారు చేయవచ్చు. గిగాబిట్ వేగానికి నాలుగు జతల తీగలు కావాలి. 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు. ఖర్చు తగ్గించడానికి బోర్డుపై రెండు జతలే వేశారనుకోండి. నెగోషియేషన్ ఆ రెండు జతలలోనే సాగిపోతుంది. రెండు చిప్‌లూ గిగాబిట్‌కు ఒప్పుకుంటాయి, లింక్ మాత్రం రాదు. కొన్ని చిప్‌లు కొన్ని ప్రయత్నాల తర్వాత తామే వేగం తగ్గించుకుంటాయి, అన్నీ కాదు. ఇందులో ఏ చిప్పూ అబద్ధం చెప్పలేదు. తీగలు లేవన్న సంగతి వాటికి తెలియదు, అంతే. ఆ సంగతి చెప్పేది డివైస్ ట్రీ. 1994 నాటి ఐఇఇఇ 1275 ప్రమాణంలో దీని మూలాలున్నాయి. అందులో గరిష్ఠ వేగం 100 అని రాస్తే, డ్రైవర్ గిగాబిట్‌ను ప్రకటన నుంచి తొలగిస్తుంది. అంటే ముగ్గురికీ ఉమ్మడిగా సాధ్యమైనదే పరికరం సామర్థ్యం.

లైనక్స్ ఈ సామర్థ్యాలను ఒక 32 బిట్ల సంఖ్యలో భద్రపరిచింది; ఒక్కో విధానానికి ఒక్కో బిట్. 10 గిగాబిట్లు, 40 గిగాబిట్లు, వాటిలో రాగి, ఫైబర్ రకాలు వచ్చేసరికి ఆ గదులన్నీ నిండిపోయాయి. ముందుచూపు లేదని తొలి రూపకర్తలను నిందించడం నా దృష్టిలో సరికాదు. వారి కాలానికి 32 ధారాళమే. 2016లో లైనక్స్ 4.6 పొడవు పెంచుకోగల బిట్‌మ్యాప్‌ను వాడే కొత్త ఇంటర్‌ఫేస్‌ను ఇచ్చింది. ఫై చిప్‌లను నడిపే ఉమ్మడి లైబ్రరీ లోపల ఈ మార్పు 2018లో గాని జరగలేదు. ఎన్నో డ్రైవర్లు ఆ సంఖ్యలోని బిట్లను నేరుగా చెరిపేవి. వాటిని ఒక్కొక్కటిగా ఫంక్షన్ల ద్వారా అడిగేలా తిరగరాయవలసి వచ్చింది. పాత ఇంటర్‌ఫేస్‌ను తీసివేయలేదు. దానిని వాడే ప్రోగ్రాములకు నేటికీ 32 బిట్లలో పట్టినంత మేరకే సామర్థ్యం కనిపిస్తుంది.