పాత ట్రాక్టర్ల పునరుద్ధరణ (జగ్గయ్యపేట, నందిగామ)

మూలనపడిన ట్రాక్టరును విప్పి, అరిగిన భాగాలు మార్చి మళ్లీ సేద్యానికి దించే పని. పూర్వపు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలోని జగ్గయ్యపేట, నందిగామ పట్టణాలు 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. చుట్టూ పత్తి, మిరప పండే నల్లరేగడి పొలాలు. విడిభాగాలకు, లేతు పనికి దగ్గరి పెద్ద కేంద్రం విజయవాడ ఆటోనగర్.

పునరుద్ధరణకు బాగా అనువైన బండి మాసీ ఫెర్గూసన్ 1035. 1960లో చెన్నైలో మొదలైన టాఫే కంపెనీ దీన్ని తయారుచేసింది. మూడు సిలిండర్ల సింప్సన్ డీజిల్ ఇంజను, వెనక హ్యారీ ఫెర్గూసన్ రూపొందించిన పద్ధతిలో హైడ్రాలిక్ లిఫ్టు ఉంటాయి. నిర్మాణం సాదాగా ఉండడమే దీని గొప్పతనం.

పొగను బట్టి రోగం తెలుస్తుంది. నీలిపొగ వస్తే ఇంజనాయిలు కాలుతోందని, రింగులు, లైనర్లు అరిగి ఉండవచ్చని అర్థం. నల్లపొగకు ఎయిర్ క్లీనరు, నాజిళ్లు చూడాలి. క్రాంకు గ్రైండింగు చేయిస్తే బేరింగులూ అదే కొలతకు మార్చాలి. ఎండాకాలం దుక్కుల్లో లేచే రేగడి దుమ్ము ఇంజనుకు ప్రధాన శత్రువు. ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనరును పట్టించుకోకపోతే వేలు పోసి వేసిన కొత్త రింగులూ త్వరగా అరిగిపోతాయి. రంగు చివర వేయాల్సింది, ముందు కాదు.

పునరుద్ధరణతో పాటు చేసే మార్పుల్లో రైతుకు నిజంగా పనికొచ్చేది వెనక చక్రాల డిస్కులు తిప్పి, చాళ్ల ఎడానికి తగ్గట్టు చక్రాల మధ్య దూరం సర్దుకోవడం. ఇది కంపెనీ ఇచ్చిన వీలే. కంపెనీ నమూనాకు భిన్నంగా బండిని మార్చడాన్ని మాత్రం 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను నియంత్రిస్తుంది.