అబిస్కో శరత్తు, ఇనుప దారి

ఉత్తర స్వీడన్‌లో శరత్కాలం కొన్ని వారాల ముచ్చటే. ఆర్కిటిక్ వలయానికి దాదాపు 200 కిలోమీటర్లు ఎగువనున్న అబిస్కోలో సెప్టెంబరు మొదట్లో రంగులు తిరిగిన ఆకు నెలాఖరుకల్లా చాలావరకు రాలిపోతుంది. కొండవాలున బర్చ్ చెట్లు పసుపు పచ్చగా మారతాయి. మోకాలెత్తు రాని మరుగుజ్జు బర్చ్ పొదలు ఎర్రబడతాయి. ల్యాండ్‌స్కేప్ ఫొటోగ్రాఫర్లు వచ్చేది ఈ వారాల కోసమే. వాళ్లు తప్పక తీసే దృశ్యం లాపోర్టెన్, హిమనది ఒరిపిడికి అడుగు గుండ్రంగా అరిగిన లోయ.

పడమటి నార్వే కొండలు మేఘాలను అడ్డుకోవడంతో ఇక్కడ వానా మంచూ కలిపి ఏడాదికి సుమారు 300 మిల్లీమీటర్లే. మార్కాపురం, గిద్దలూరు మెట్ట పొలాలకు అంతకన్నా ఎక్కువే దక్కుతుంది. అయినా అబిస్కోలో వాగులు ఎండవు. చలికి నీరు పెద్దగా ఆవిరి కాదు, కొండ మీది మంచు వేసవిలో మెల్లగా కరుగుతుంది.

ఈ సీమకు కెమెరాలను తెచ్చింది ఇనుప ఖనిజం. కిరునా గనుల దాకా రైలు 1899లో చేరింది. తూర్పు తీరపు సముద్రం చలికాలంలో గడ్డకడుతుంది కనుక, గడ్డకట్టని నార్వే రేవు నార్విక్ వరకు దారిని 1902లో పూర్తిచేశారు. అబిస్కో ఆ దారిలోనే ఉంది. 1899లోనే కిరునా చేరిన ఫొటోగ్రాఫర్ బోర్గ్ మెష్ రైలు పనివాళ్లనూ, కొండలనూ, ఇక్కడి ఆదివాసులైన సామీ ప్రజలనూ చిత్రించాడు. గిద్దలూరు నుంచి నల్లమల దాటే రైలుదారిదీ ఇంచుమించు అదే కాలం. ఆ దారిలోని బొగద సొరంగం అందాలకు మాత్రం అలాంటి ఫొటోగ్రాఫర్ దొరికినట్టు లేదు.

1909లో స్వీడన్ ఒకేసారి తొమ్మిది జాతీయ ఉద్యానాలను ప్రకటించింది. ఐరోపాలో అవే మొదటివి. అబిస్కో, సారెక్, స్తూరా షోఫాలెట్ వాటిలోవే. పదేళ్లకే, 1919లో, జలవిద్యుత్తు కోసం స్తూరా షోఫాలెట్‌లో కొంత భాగాన్ని ఉద్యానం నుంచి తప్పించి ఆనకట్ట కట్టారు. ‘చెక్కుచెదరని ప్రకృతి’ అనే మాటను ఆ చోట జాగ్రత్తగా వాడాలి.

మనిషి లేని అడవి అనడం ఇంకా పెద్ద పొరపాటు. చెంచుల ఊసెత్తకుండా నల్లమల గురించి చెప్పడం ఎలాంటిదో, సామీలు లేని ఈ ల్యాప్‌లాండ్ సీమ ఫొటో అలాంటిది. శరత్తు వాళ్లకు పని కాలం. రెయిన్‌డీర్ మందలను కూడదోలి, మాంసానికి పనికొచ్చే పోతులను వేరుచేస్తారు. నల్లమలలోని పులుల అభయారణ్యంలో అడుగుపెట్టడానికి అనుమతి కావాలి. స్వీడన్‌లోనైతే ఇతరుల నేల మీదైనా హాని చేయకుండా నడిచే స్వేచ్ఛ అందరికీ ఉంది, 1994 నుంచి రాజ్యాంగంలోనూ ఆ మాట ఉంది. వేట, చేపల హక్కులు అలా కాదు. వాటి కోసం గిర్యాస్ సామీ సంఘం ప్రభుత్వంపై దావా వేసింది. తన మేత ప్రాంతంలో వాటిని ఎవరికివ్వాలో నిర్ణయించే అధికారం ఆ సంఘానిదేనని 2020 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. తీర్పు గిర్యాస్ వరకే. మిగతా సంఘాలు తమ వాదనను విడిగా నెగ్గించుకోవాలి.