సొంతవాళ్లే నిషేధించిన మాట

1996 ఆగస్టులో పాలస్తీనా అథారిటీ మనుషులు వెస్ట్ బ్యాంక్, గాజాలలోని పుస్తకాల షాపుల మీద పడి ఒకే ఒక్క రచయిత పుస్తకాలు ఏరి పట్టుకుపోయారు. ఇకమీదట అవి అమ్మకూడదన్నారు. ఆ రచయిత అవతలి పక్షం మనిషి కాదు. పాలస్తీనా అన్న పేరు ఎత్తడానికే అమెరికా మేధావులు జంకే రోజుల్లో, న్యూయార్క్ నడిబొడ్డున నిలబడి ఆ పేరును పలికినవాడు. పద్నాలుగేళ్లు పాలస్తీనా జాతీయ మండలిలో సభ్యుడు. పాలస్తీనా నాయకుడు అరాఫత్ తరఫున పాశ్చాత్య ప్రపంచంతో మాట పడ్డవాడు, మాట అన్నవాడు. ఎడ్వర్డ్ సయీద్.

ఆయన్ని తిట్టినవాళ్లకు కొదవ లేదు. 1985లో కొలంబియా యూనివర్సిటీలో ఆయన గదికి నిప్పు పెట్టారు. చంపుతామని బెదిరించారు. అవన్నీ ఓర్చుకున్నారు. ఎటునుంచి వస్తాయో ముందే తెలిసిన దెబ్బలవి. సొంత జనం పేరుతో సొంత నాయకుడే కొట్టిన ఈ దెబ్బ మాత్రం వేరు. సయీద్ జీవితాన్ని విజయగాథగా చెప్పేవాళ్లున్నారు. నేను అలా చెప్పలేను. ప్రపంచమంతా చదివిన మనిషి మాట, ఎవరికోసం ఆ మాట పుట్టిందో ఆ గడ్డ మీదే చెల్లకుండా పోయింది. ఇంతకంటే పెద్ద పతనం ఒక రచయితకు ఏముంటుంది?

1935 నవంబరు 1న జెరూసలేంలోని తల్బియాలో పుట్టారు. తండ్రి వదీ సయీద్‌కు కైరోలో స్టేషనరీ వ్యాపారం. కుటుంబం కైరోకీ జెరూసలేంకీ మధ్య తిరుగుతుండేది. తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసి ఆ దేశ పౌరసత్వం తెచ్చుకున్నాడు కాబట్టి పిల్లవాడికి పుట్టుకతోనే అమెరికా పాస్‌పోర్ట్ వచ్చింది. 1947 డిసెంబరులో వాళ్లు జెరూసలేం వదిలారు. మళ్లీ వస్తామనే అనుకున్నారు. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడటంతో ఇల్లు పోయింది, ఊరు పోయింది. డబ్బున్న కుటుంబం గనక గుడారాల్లో బతకాల్సిన గతి పట్టలేదు. కానీ కైరోలో మేనత్త నబీహా కాందిశీకుల కోసం పొద్దస్తమానం తిరిగేది. ఒకరికి మందులు, ఒకరి పిల్లలకు బడి, ఇంకొకరికి ఉద్యోగం. పాలస్తీనా అంటే ఏమిటో ఆ పిల్లవాడికి తెలిసింది ఆ మేనత్త వల్లే. ఇంట్లో పెద్దవాళ్లు ఆ ఊసే ఎత్తేవారు కాదు.

కైరోలోని విక్టోరియా కాలేజీలో అరబిక్ మాట్లాడటం నేరం. అక్కణ్నుంచి 1951లో పంపించేస్తే అమెరికా చేరారు. ప్రిన్స్‌టన్, హార్వర్డ్, జోసెఫ్ కాన్రాడ్ మీద పరిశోధన, 1963 నుంచి కొలంబియాలో పాఠాలు. పియానో బాగా వాయించేవారు. 1967 జూన్‌లో అరబ్బు దేశాలకూ ఇజ్రాయెల్‌కూ యుద్ధం రాకపోతే మంచి సూటు వేసుకున్న మంచి ఇంగ్లీషు ప్రొఫెసర్‌గానే మిగిలిపోయేవారేమో. ఆ ఆరు రోజుల్లో మిగిలిన పాలస్తీనా కూడా ఆక్రమణలోకి పోయింది. చుట్టూ ఉన్న న్యూయార్క్ పండగ చేసుకుంటుంటే తను ఎవరో ఆయనకు అప్పుడు తెలిసొచ్చింది.

1978లో 'ఓరియంటలిజం' వచ్చింది. ఆ పుస్తకం మొదటి అధ్యాయం మాజీ ప్రధాని బాల్ఫోర్ 1910లో బ్రిటిష్ కామన్స్ సభలో ఈజిప్టు గురించి చేసిన ప్రసంగంతో మొదలవుతుంది. ఈజిప్టువాళ్ల కంటే ఈజిప్టు మాకే బాగా తెలుసు, అందుకే ఏలుతున్నాం అన్నది ఆ ప్రసంగం సారం. ఏడేళ్ల తర్వాత పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసం అంటూ ఉత్తరం మీద సంతకం పెట్టిందీ ఈ బాల్ఫోరే. సయీద్ ఆ పేజీలు చల్లటి సాహిత్య విమర్శలాగే రాశారు గానీ, తల్బియా ఇల్లు ఎలా పోయిందో వాటిలో ఉంది. తెలుసుకోవడానికీ ఏలడానికీ ఉన్న బంధుత్వాన్ని ఆయన అంతలా విప్పి చూపాక, మన బ్రౌన్ దొరను కూడా పాత కళ్లతో చూడలేం. వేమనను వెతికి అచ్చువేసిన ఋణం తీరేది కాదు. ఆ ఋణాన్ని ఒప్పుకుంటూనే ఈస్టిండియా కంపెనీలో ఆయన కొలువునూ గుర్తుపెట్టుకోవడం సయీద్ చదివిన తెలుగు పాఠకుడికి తప్పని పని.

ఆశ బాగా పెరిగింది 1988లో. అల్జీర్స్‌లో జాతీయ మండలి స్వాతంత్ర్య ప్రకటన చేసింది. కవి మహ్మూద్ దర్వీష్ అరబిక్‌లో రాస్తే, దాన్ని ఇంగ్లీషులోకి తేవడంలో సయీద్ చెయ్యి ఉంది. పోయిన దేశంలో ఒక ముక్కతోనైనా రాజీపడి పొరుగువాడి పక్కన బతుకుదామన్న నిర్ణయమది. అక్కణ్నుంచి అంతా దిగుడే.

1990లో తల్లి హిల్డా వాషింగ్టన్‌లో క్యాన్సర్‌తో పోయింది. నజరేత్‌లో పుట్టిన ఆవిడ అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. వీసా గడువు దాటిందని, మంచాన పడి ఉన్న ఆవిడ మీద దేశం నుంచి పంపించే కేసు నడిపారు. న్యాయమూర్తి చీవాట్లు పెట్టి ఆ కేసు కొట్టేశారు. కొడుకు ఆ దేశపు పేరున్న ప్రొఫెసర్ అయి ఉండీ తల్లికి చివరికి అదీ మర్యాద.

మరుసటి ఏడాది సెప్టెంబరులో, పాలస్తీనా మేధావుల సమావేశం కోసం లండన్‌లో ఉండగా భార్య మరియమ్‌కు ఫోన్ చేశారు. మామూలు రక్తపరీక్ష ఫలితం అడుగుదామని. లుకేమియా అని తేలింది. ఆ ఏడాదే జాతీయ మండలి నుంచీ తప్పుకున్నారు.

1992లో నలభై అయిదేళ్ల తర్వాత భార్యాపిల్లలతో జెరూసలేం వెళ్లారు. కెనడాలో ఉన్న దాయాది ఒకరు గుర్తున్నంతలో గీసిచ్చిన పటం చేతిలో ఉంది. ఇంటి దస్తావేజు నకలు ఉంది. వెతగ్గా వెతగ్గా ఇల్లు దొరికింది. ఇజ్రాయెల్‌ను గట్టిగా సమర్థించే ఒక క్రైస్తవ సంస్థ ఆఫీసు అందులో నడుస్తోంది. సయీద్ కుటుంబమూ క్రైస్తవులే. తను పుట్టిన గది కిటికీని బయట నుంచే పిల్లలకు చూపించారు. లోపలికి వెళ్దామా అంటే కాళ్లు రాలేదు.

1993 సెప్టెంబరు 13న వైట్‌హౌస్ పచ్చికలో అరాఫత్, ఇజ్రాయెల్ ప్రధాని రబీన్ చేతులు కలిపారు. లోకమంతా చప్పట్లు కొట్టింది. సయీద్ ఒప్పందం చదివారు. ఆక్రమిత నేల మీద ఇజ్రాయెల్ కడుతున్న సెటిల్‌మెంట్లు ఆపాలన్న షరతు లేదు. కాందిశీకుల సంగతి, జెరూసలేం సంగతి తర్వాత చూద్దామన్నారు. ఇది లొంగుబాటు పత్రం, పాలస్తీనాకు వెర్సై సంధి అని రాశారు. దర్వీష్ అప్పటికే పాలస్తీనా విమోచన సంస్థ కార్యవర్గానికి రాజీనామా చేశారు. తక్కినవాళ్లలో చాలామంది సయీద్‌ను న్యూయార్క్‌లో కూర్చుని నీతులు చెప్పేవాడన్నారు. ఏడేళ్లలో వెస్ట్ బ్యాంక్ సెటిలర్ల సంఖ్య లక్ష పైచిలుకు నుంచి రెండు లక్షల దగ్గరకు చేరింది. ఆయన చెప్పిందే జరిగింది. జరిగేటప్పుడు చెప్పిన నోరు 1996 నిషేధంతో మూయించారు.

1994 మేలో, కీమోథెరపీ నుంచి తేరుకుంటూ తన బాల్యం గురించి రాయడం మొదలుపెట్టారు. అయిదేళ్లు పట్టింది. వైద్యం చేసింది జోధ్‌పూర్‌లో పుట్టిన కాంతి రాయ్. ఆ రక్తక్యాన్సర్ దశలను వైద్యులు ఇవాళ్టికీ రాయ్ పేరుతోనే లెక్కిస్తారు. 1999లో వచ్చిన ఆ పుస్తకాన్ని సయీద్ భార్యకూ ఈ డాక్టరుకూ అంకితమిచ్చారు. పుస్తకం వచ్చిన ఏడాదే, ఆయనకు అసలు జెరూసలేంలో బాల్యమే లేదని ఒక అమెరికన్ పత్రిక పొడుగాటి వ్యాసం వేసింది. ఇంట్లోంచి వెళ్లగొట్టినది చాలక, ఆ ఇల్లు నీదే కాదనడం! ఆ ఏడాదే ఇజ్రాయెలీ సంగీతకారుడు డేనియల్ బారెన్‌బోయిమ్‌తో కలిసి జర్మనీలోని వైమార్‌లో అరబ్బు, ఇజ్రాయెలీ పిల్లలను ఒకే ఆర్కెస్ట్రాలో కూర్చోబెట్టారు. 2000లో లెబనాన్ సరిహద్దులో ఇజ్రాయెల్ వైపు ఒక రాయి విసిరినందుకు మరుసటి ఏడాది వియన్నాలోని ఫ్రాయిడ్ సొసైటీ ఆయన ఉపన్యాసం రద్దు చేసింది.

2003 సెప్టెంబరు 25న న్యూయార్క్‌లో పోయారు. అరవై ఏడేళ్లు. అస్థికలను మరియమ్ పుట్టింటివారి దేశం లెబనాన్‌లో, బ్రుమ్మానా కొండ ఊళ్లో ఉంచారు. దర్వీష్ ఆయన మీద దీర్ఘమైన ఎలిజీ రాశారు.

పుస్తకాలు ఏరించిన అరాఫత్ మరుసటి ఏడాది నవంబరులో పారిస్ శివార్లలోని ఆసుపత్రిలో కన్నుమూశారు. జెరూసలేంలో పాతిపెట్టాలని అడిగితే ఇజ్రాయెల్ ఒప్పుకోలేదు. రమల్లాలోనే, తను దిగ్బంధంలో గడిపిన ఆఫీసు ఆవరణలోనే పాతారు. ఆ 2004లోనే పాలస్తీనా జాతీయ సంగీత కళాశాలకు ఎడ్వర్డ్ సయీద్ పేరు పెట్టారు.