దీపముతో చేసిన ఎండ

రామచంద్రపురమునకు చేరువనున్న అనపర్తి, బిక్కవోలు ప్రాంతములలో కోళ్లఫారములు విస్తారముగా ఉన్నవి. హేచరీ నుండి వచ్చిన కోడిపిల్లలను మొదటి వారములలో బ్రూడరు క్రింద ఉంచుట వాడుక. రేకుతో చేసిన గొడుగువంటి మూత లోపల కరెంటు బల్బులు బిగించి ఉండును. పిల్ల ఒక్కింటికి రెండు వాట్ల చొప్పున బల్బులు వేయుట పాత లెక్క. మొదటి వారము 35 డిగ్రీల సెంటిగ్రేడు వేడి ఉంచి, వారమునకు సుమారు మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకొని వత్తురు. ఉష్ణమాపకము చూడకున్నను వేడి చాలినదో లేదో పిల్లలే తెలుపును: బల్బు క్రింద గుంపుగా ముడుచుకొన్నచో చలి, దూరముగా జరిగి నోరు తెరచినచో వేడి మిక్కుటము.

ఈ బల్బు వెలుతురు కొరకు పెట్టినది కాదు. తీగ మండి వెలుగునిచ్చు పాతరకపు బల్బు తాను తీసికొన్న విద్యుత్తులో నూటికి సుమారు ఐదు పాళ్లు మాత్రమే వెలుతురుగా మార్చును, తక్కినదంతయు వేడి. ఇంటిలో ఇది దుబారా. బ్రూడరులో అదే ప్రయోజనము. ఇతర దేశములలో ఊసరవెల్లులను, బల్లిజాతి జంతువులను గాజుపెట్టెలలో పెంచినవారును చాలాకాలము ఇట్టి బల్బునే నమ్ముకొన్నారు. జంతువు వెచ్చగానే ఉండెడిది, పురుగులను తినెడిది. కొన్ని నెలలకు కాళ్ల ఎముకలు వంగెడివి, దవడ మెత్తబడెడిది. కోడిపిల్లకు చాలిన దీపము ఊసరవెల్లికి ఏల చాలలేదు? దీనికి సమాధానము రెండు వందల ఏండ్ల క్రిందటి రెండు ప్రయోగములతో ఆరంభమగును.

1800లో ఇంగ్లండులో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకముతో రంగులుగా విడదీసి, ఒక్కొక్క రంగులో ఉష్ణమాపకము ఉంచి చూచినాడు. ఎరుపు దాటిన తరువాత, ఏ రంగును కనిపించని చోట, పాదరసము ఇంకను పైకి లేచినది. అవి పరారుణ కిరణములు. మరుసటి ఏడు 1801లో జర్మనీలోని యేనాలో యోహాన్ రిట్టర్ రెండవ కొసను పరీక్షించినాడు. ఊదారంగు దాటిన చీకటిలో వెండి క్లోరైడు త్వరగా నల్లబడినది. అవి అతినీలలోహిత కిరణములు. ఒకే ఎండకు రెండు కొసలు. ఒక కొస కాచును; రెండవ కొస రసాయనిక మార్పులు చేయును. ఎండలో ఈ రెండును ఎప్పుడును కలిసియే వచ్చును గనుక ఏ జంతువును వాటిని విడిగా వెదకికొనవలసిన అవసరము కలుగలేదు. మనుష్యుడు దీపము చేసినప్పుడే అవి విడిపోయినవి. బల్బు తీగ కాచు కొసను పుష్కలముగా ఇచ్చును. ఎముకకు కావలసిన కొస దానిలో దాదాపు లేదు. ఏ కొంచెమున్నను మామూలు గాజు దానిని ఆపివేయును.

ఎముకకును ఈ కిరణములకును గల సంబంధము పసిపిల్లల వలన తెలిసినది. 1918–19 చలికాలమున, యుద్ధములో చితికిన బెర్లిన్ నగరములో, రికెట్స్ వ్యాధిగల పిల్లలకు కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ అను వైద్యుడు క్వార్ట్జ్ గాజుతో చేసిన పాదరస ఆవిరి దీపపు కాంతి పట్టించినాడు. క్వార్ట్జ్ గుండా అతినీలలోహిత కిరణములు బయటికి రాగలవు. ఎముకలు గట్టిపడినట్లు ఎక్స్‌రే చిత్రములు చూపినవి. అంతకంటె విశేషము, ఒక చేతిపై మాత్రమే కాంతి పట్టించినను రెండవ చేయి కూడ బాగుపడినది. చర్మములో ఏదో తయారై రక్తములో కలిసి పోవుచున్నదన్నమాట. అదియే తరువాత విటమిన్ డి అని తేలినది.

ఇక కోడిపిల్లలు. 1920ల తొలి సంవత్సరములలో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములో హార్ట్, స్టీన్‌బాక్ మొదలగువారు, ఇంటిలో పెంచిన కోడిపిల్లల కాళ్లు పడిపోవు జబ్బును పరిశీలించి, ఎండ తగిలినచో అది రాదని చూపినారు. 1924లో స్టీన్‌బాక్ మేతకే ఈ కిరణములు పట్టించినచో గుణమిచ్చునని కనుగొన్నాడు. బ్రూడరులోని పిల్లకు వేడి ఒక్కటి చాలుట ఇందువలననే. రెండవ కిరణము చేయవలసిన పని దాణాలో కలిపిన విటమిన్ డి3 చేయుచున్నది.

ఊసరవెల్లికిని అట్లే మేతలో ఇవ్వరాదా? ఇవ్వవచ్చును గాని మోతాదు చిక్కు. విటమిన్ డి మితిమీరినచో విషమగును. చర్మములో ఎండవలన తయారైనది మాత్రము మితిమీరదు. మిగులు భాగమును ఆ కాంతియే నిర్వీర్యమైన పదార్థములుగా మార్చివేయును. ఇంకొక మెలిక కూడ ఉన్నది. సుమారు 290 నుండి 315 నానోమీటర్ల కిరణము చర్మములో చేయునది పూర్తి విటమిన్ కాదు, దాని పూర్వరూపము మాత్రమే. అది విటమిన్‌గా మారుటకు వేడి కావలెను. మనుష్యుని ఒంటికి ఆ వేడి ఎప్పుడును ఉన్నది. ఊసరవెల్లి శీతరక్త జీవి. చల్లని ఒంటిలో ఆ మార్పు మిక్కిలి మెల్లగా నడచును. హెర్షెల్ కొసయు రిట్టర్ కొసయు మరల దాని చర్మముపై కలిసికొనవలసినదే.

ఈ సంగతి ముందుగా గ్రహించి కట్టడములో పెట్టినవారిలో జోన్ ప్రోక్టర్ ముఖ్యురాలు. లండన్ జంతుప్రదర్శనశాలలో 1923 నుండి సరీసృపముల విభాగమునకు ఆమె అధికారిణి. 1927లో ఆమె రూపకల్పనపై తెరచిన సరీసృప గృహములో ఒక్కొక్క జీవికి తగినట్లు వేరువేరు పాళ్లలో విద్యుత్తుతో వేడి, అతినీలలోహిత కిరణములు దూరగల ప్రత్యేకపు గాజు అమర్చినారు. కొమోడో ఉడుమును వెంటబెట్టుకొని తోటలో నడిచిన ఈమె అనారోగ్యముతో 1931లో 34వ ఏటనే మరణించినది.

గాజు మంచిదైనను లండన్ ఎండ మాత్రము లండన్ ఎండయే. డిసెంబరు 21న అక్కడ మధ్యాహ్న సూర్యుడు దిగంతమునకు 15 డిగ్రీల ఎత్తుకు మాత్రమే వచ్చును. ఏటవాలు కిరణము వాతావరణములో ఎక్కువ దూరము నడచి, ఓజోనులో ఇంకిపోవును. 1988లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో బోస్టన్ నగరపు ఎండ నవంబరు నుండి ఫిబ్రవరి వరకు చర్మములో విటమిన్ డి చేయజాలదని తేలినది. రామచంద్రపురములో అదే డిసెంబరు 21న సూర్యుడు సుమారు 50 డిగ్రీల ఎత్తున ఉండును. మే 7, 8 తేదీల ప్రాంతమునను, మరల ఆగస్టు 5 ప్రాంతమునను నడినెత్తికే వచ్చును. అప్పుడు బడి ఆవరణలో నిలిపిన కర్రకు మధ్యాహ్నము నీడ ఉండదు.

ఉత్తరదేశములలో దీపము తప్పనిదగుటచే పొదుపు ప్రశ్న వచ్చినది. మన దేశములో 2015 జనవరి 5న ఉజాలా పథకము మొదలైన తరువాత 60 వాట్ల బల్బు స్థానమున 9 వాట్ల ఎల్‌.ఇ.డి. వచ్చినది. ఇంటికి ఇది లాభము. గాజుపెట్టెపై ఇదే మార్పు చేసినచో కరెంటు మిగులును, జంతువు మిగులదు; తెల్లని ఎల్‌.ఇ.డి. దీపములో కాచు కొస స్వల్పము, ఎముకకు కావలసిన కొస లేనే లేదు. అసలు పొదుపు వేరొకచోట ఉన్నది. గది మొత్తమును కిలోవాటు హీటరుతో పది గంటలు కాచినచో పది యూనిట్లు. పెట్టెలో ఒక్క కొమ్మపై పడునట్లు 50 వాట్ల హాలొజన్ దీపము, ప్రక్కగా 24 వాట్ల అతినీలలోహిత ట్యూబు అదే పది గంటలు వెలిగించినచో మూడుపాతిక యూనిటు కూడ కాదు. రాత్రి రెండును ఆర్పవలెను. రాత్రి చల్లదనము దానికి సహజము. ట్యూబు వెలుగుచున్నదని మాత్రము మోసపోరాదు. కంటికి కనిపించు వెలుతురు నిలిచియుండగనే కనిపించని భాగము క్షీణించును. పెట్టెపై మూసిన సన్నని ఇనుపవల కూడ కొంత భాగము మింగును.

దీపము క్రింద ఎంతసేపు ఉండవలెనో ఎవరు నిర్ణయింతురు? మడగాస్కరు దేశపు పాంథర్ ఊసరవెల్లులపై టెక్సాస్‌లో గ్యారీ ఫెర్గూసన్, క్రిస్టఫర్ కార్‌స్టెన్ మొదలగువారు చేసి 2009లో ప్రకటించిన ప్రయోగములలో, మేతలో విటమిన్ డి3 తక్కువైనవి ఎక్కువసేపు ఈ కిరణములకు వచ్చినవి. సమృద్ధిగా తిన్నవి తక్కువసేపు వచ్చినవి. బ్రూడరులోని పిల్లవలెనే ఇదియు తన కొలత తానే చూచుకొనును. కాబట్టి పెట్టెలో ఎండతో పాటు నీడ కూడ ఉండవలెను.

ఆంధ్రదేశపు ఊసరవెల్లిని, 1768లో లారెంటి కెమీలియో జైలానికస్ అని పేరిడిన దానిని, పట్టి పెంచుట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నిషిద్ధము. దీనికి విషమున్నదని చంపువారున్నారు, విషము లేదు. పలువురు తొండనే ఊసరవెల్లి అందురు గాని, కాలివ్రేళ్లు పట్టకారువలె రెండుగా చీలి, కన్నులు వేరువేరుగా తిరుగునదే అసలైనది. కంచెలపై, తోటలలో ఉదయమున దూరముగా నిలిచి చూచినచో దాని వ్యవహారము తెలియును. పొద్దెక్కగానే ముదురు రంగు దాల్చి, ప్రక్కను పలకవలె చదును చేసి సూర్యునికి అడ్డముగా నిలుచును. ఒళ్లు కాగిన కొలది రంగు లేతబడును. ఆ తరువాత, ఒక్కొక్క కాలే ఊపుచు, ఆకుల చాటుకు జరిగిపోవును.