అంగుళం ఎత్తు రౌతులు

మా ఇంట్లో యుద్ధం మొదలై ఆర్నెల్లయింది. రక్తపాతమంటారా, భోజనాల బల్లమీద ఒలికిన ఎర్రరంగే! అలెగ్జాండర్ ఆశ్వికదళాన్ని అంగుళం ఎత్తు బొమ్మల్లో దింపి, రంగులేసి, పాచికలతో పోరాడించడం నా వ్యసనం. "ఈ వయసులో ఇదేం పిల్లాటండీ!" అంది మా ఆవిడ. హెచ్.జి. వెల్స్ అంతటివాడు 1913లోనే బొమ్మసైనికుల యుద్ధానికి నిబంధనలు రాసి పుస్తకం వేశాడని చెప్పి తప్పించుకున్నాను.

వెల్స్ కాపాడాడు గాని చరిత్ర కాపాడలేదు. పన్నెండుమంది రౌతులకూ శ్రద్ధగా రికాబులు గీశాక తెలిసింది, ఆ కాలపు రౌతులు రికాబే ఎరుగరని! క్రీ.పూ. 331లో గాగమేలా దగ్గర పారశీక సేనలోకి దూసుకుపోయినవాళ్లు, గుర్రం వీపున పరిచిన గుడ్డమీద తొడల బిగువుతో కూర్చున్నవాళ్లే. చేతిలో పొడవాటి బల్లెం కూడాను. సైకిలుమీద చేతులు వదిలి కాలవలో పడ్డవాణ్ని నేను. వాళ్లకో దణ్ణంపెట్టి రికాబులన్నీ చెరిపేశాను.

శత్రువుల దగ్గర మాత్రం బద్ధకించాను. ఓడేవాళ్లకి రంగులెందుకని పారశీకులందరికీ ఒకే మట్టిరంగు పులిమాను. తర్వాత, 1831లో పాంపే శిథిలాల్లో బయటపడ్డ అలెగ్జాండర్ యుద్ధచిత్రం ఫొటో చూశాను. రంగురాళ్ల ముక్కలు పొదిగి చేసింది. అందులో కిందపడ్డ పారశీకుడొకడి ముఖం డాలులో ప్రతిఫలిస్తోంది. గెలిచినవాడి కథే అయినా, ఆ చిత్రకారుడు ఓడినవాడి ముఖాన్ని వదల్లేదు!

ఆ రాత్రే కుంచె కడిగి మళ్లీ కూర్చున్నాను. ఇప్పుడు పారశీకులక్కూడా కళ్లున్నాయి. చిక్కల్లా ఒక్కటే. పాచికలు వేసేటప్పుడు వాళ్లు నావంకే చూస్తున్నారు.